అవ్వ చదివిన ఇంగ్లీషు

ఈ రోజు మోత్కూర్‌లో కంటి పరీక్షలు చేస్తున్నారంటే మా అవ్వను తీసుకుపోయాను. గోడకున్న అట్ట నిండా ఇంగ్లీషు అక్షరాలే. పరీక్ష చేసే సారు ఒక్కోటి చూపిస్తుంటే, చదువు రాని అవ్వ సిగ్గుపడి నోరు మెదపలేదు. చూపు బాగా తగ్గిందనుకుని ఆయన నల్గొండ పెద్ద దవాఖానకు రాయబోయారు.

"సార్, అవ్వకు కనవడక కాదు, ఇంగ్లీషు రాక" అన్నాను.

ఆయన నవ్వారు. "అయితే ఎట్ల కనవడ్తె గట్లనే చెప్పవ్వా."

అవ్వ గొంతు సవరించుకుంది. "గది ఒక్కటే మెట్టున్న నిచ్చెన. గది పండ్లూడిన దువ్వెన. గది గాజు. దాని పక్కది పలిగిన గాజు."

హెచ్, ఈ, ఓ, సీ. అన్నీ సరిపోయాయి. చిన్న అక్షరాల వరుస దాకా అట్లాగే చెప్పింది. నల్గొండ పోయే పని లేదు, మామూలు కండ్లద్దాలు చాలన్నారు సారు.

వెనక వరుసలో నిలబడ్డ ఒక తాత మాత్రం ఒప్పుకోలేదు. "గది నిచ్చెన కాదు, మంచం."

"సారూ, ముందుగాల గీయన కండ్లు చూడుండ్రి" అంది అవ్వ.

నాకైతే ఇద్దరి మాటా నచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు ఎమ్ అక్షరం చూపించి, అదేంటో అడిగి చెప్పండి.