అవ్వ రెండోసారి చెప్పిన కథ

నా చిన్నప్పుడు మేము కెనడాలోని సార్నియాలో ఉండేవాళ్ళం. మా బాబాయికి వారమంతా ఫ్యాక్టరీలో ఉద్యోగం, శని ఆదివారాలు భుజాన కెమెరా. డాక్యుమెంటరీ తీస్తానని ఇంటిల్లిపాదినీ వేపుకు తినేవాడు. మైకు పట్టుకునే పని నాది. పదేళ్ళకే ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని పెద్ద పోజు కూడాను.

పక్కింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. నేను అవ్వ అనేదాన్ని. రష్యా ఉత్తరాన అడవుల్లో బతికే వెప్స్ జాతి మనిషి. యుద్ధంలో పల్లె వదిలి వచ్చేసింది. అక్కడి బతుకూ కథలూ ఆవిడతోనే పోతాయేమోనని బాబాయికి బెంగ. అందుకే ఆవిడ వంటింట్లో కెమెరా పెట్టాడు.

దుంగల ఇళ్ళ గురించీ, సరస్సులో చేపల గురించీ చెప్పి, అవ్వ అడవినేలే దయ్యం, అడవి దొర కథ దగ్గరికి వచ్చింది. కోపంలో పిల్లల్ని 'అడవి పాలైపో' అని తిడితే ఆ మాట అడవి దొర వింటాడని, వాళ్ళని తీసుకుపోతాడని ఆ పల్లెల్లో నమ్మకం. పాలకుండ ఒలకబోసిందని అవ్వ చెల్లెల్ని వాళ్ళమ్మ ఆ మాటే అందట. సాయంత్రానికి పిల్ల లేదు. ఊరంతా వెతికినా దొరకలేదు. ఆ తల్లి బతికినన్నాళ్ళూ అడవి అంచున రొట్టె పెట్టి, నా బిడ్డను నాకివ్వమని బతిమాలుతూనే ఉందట.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపంతా మైకులో పడింది. "సౌండంతా పాడుచేశావు కదే" అని బాబాయి నన్ను కసిరి, మళ్ళీ చెప్పమని అవ్వను అడిగాడు.

అవ్వ నా మొహం కేసి చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. అదే పాలకుండ, అదే తిట్టు, అదే వెతుకులాట. కానీ ఈసారి పిల్ల ఒళ్ళో అడవిపళ్ళు నింపుకుని తిరిగొచ్చింది. తల్లి దాని వీపు మీద ఒక్కటిచ్చి, కూర్చోబెట్టి రొట్టె పెట్టింది.

బాబాయి తెల్లబోయి, ఏది నిజమని అడిగాడు.

అవ్వ వచ్చీరాని ఇంగ్లీషులో, "మొదటిదే నిజం. మళ్ళీ చెప్పమన్నావుగా. ఒక్క పిల్లను రెండుసార్లు పోగొట్టుకోమంటావా?" అంది.

బాబాయి కెమెరా ఆపేశాడు. నాకప్పుడు సగమే అర్థమైంది.

మిగతా సగం మా అబ్బాయి పోయాక అర్థమైంది. మంచులో, హైవే మీద, కారు ప్రమాదం. వాడి కూతురు కాస్త పెద్దదై అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. కొన్నాళ్ళకు "టెల్ మీ అగైన్, నానమ్మా" అంటూ ఒళ్ళో చేరింది. ఈసారి వాడు నెమ్మదిగా డ్రైవ్ చేసుకుంటూ ఇంటికొచ్చాడు. బూట్లకంటిన మంచు దులుపుకున్నాడు. చారన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

అది నిజం కాదని దానికీ తెలుసు. అయినా అడుగుతూనే ఉంటుంది, నేను చెబుతూనే ఉంటాను. మొన్న మాత్రం మధ్యలో ఆపి, నాన్న వచ్చేసరికి తనెక్కడుందని అడిగింది.

తలుపు తీసింది నువ్వే కదమ్మా, అన్నాను.