మా డ్రిల్లు టీచరు గారి కోపం

మా డ్రిల్లు టీచరు గారు పోయారు. రావులపాలెం బస్టాండులో అమలాపురం బస్సు కోసం నిలబడి ఉంటే, చిన్నప్పుడు నాతో చదువుకున్న స్నేహితురాలు అరటిగెలల లారీలను తప్పించుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "టీచరు గారు పోయేరే! గుండెనొప్పంట" అంది.

ఏడ్చాను. కానీ ఆ వారంలోనే మా ఆడపిల్లల హైస్కూల్లో సంతాప సభ పెట్టి, ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "ఆవిడ శాంతమూర్తి, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు" అనేసరికి ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. శాంతమూర్తి ఏమిటి? అంత కోపిష్టి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ కోపానికి కారణమైనవాళ్ళే ముందు వరసలో కూర్చుని తలలు ఊపుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

టీచరు గారు నేత చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవారు. ఆదివారం చర్చికి కూడా అవే, కాస్త సుద్ద పూసి. వాన పడితే బంకయ్యే మా నేల మీద కొబ్బరి పీచు చాప నేయించి పరిచి, మూలల్లో మేకులు దిగ్గొట్టించి, అదే పిచ్ అన్నారు. ఆడపిల్లలు క్రికెట్ ఆడతారని చాలామంది వినను కూడా వినని రోజులవి.

నన్ను పంపమని అడగడానికి మా ఇంటికే వచ్చారు. మా నాన్నగారు వరి, కొబ్బరి ఉన్న రైతు. టీచరు గారి తాతగారు ఒకప్పుడు మా చేలల్లో కూలి చేసినాయన. కుర్చీ వెయ్యాలా వద్దా అని మావాళ్ళు తటపటాయిస్తుంటే, ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆడపిల్లకి బంతాటేంటండీ?" అన్నారు నాన్నగారు.

"ఆయ్, బంతాటేనండీ. మీ అమ్మాయి చెయ్యి మీరు చూళ్ళేదు. నేను చూసేనండీ."

టెస్టు మ్యాచ్ రోజుల్లో స్టాఫు రూములో మాస్టార్లు ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి, ఆ ఓపెనర్ గొప్పా, మణికట్టుతో కొట్టే ఈయన గొప్పా అని కొట్లాడుకునేవారు. టీచరు గారు మధ్యలో దూరేవారు. "అదెప్పుడూ ఉన్నదేనండీ. వాళ్ళకి నేర్పినోళ్ళెవరో చెప్పండి, విందాం." మాస్టార్లు ట్రాన్సిస్టర్ గొంతు పెంచేవారు. "చూసేరా? దేశం జట్టుతో మేనేజరు గారెళ్తారు. నేర్పేవాడికి మాత్రం చోటుండదు" అని విసురుగా బయటికి వచ్చేసేవారు.

పత్రికల్లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ల ఫొటోలు కత్తిరించి మాకు చూపించేవారు. "వీళ్ళు నలుగురూ ఒక్కలా ఉన్నారంటే? లేరు. నలుగుర్నీ ఒక్కలా వెయ్యమననివాడే గురువు. గొప్ప ఆటగాడికి తన ఒళ్ళొక్కటే తెలుసు. నేర్పేవాడికి ఎదుటివాళ్ళ ఒళ్ళు తెలియాలి." బంతి వేసేటప్పుడు నా చెయ్యి కాస్త పక్కకి వాలి వచ్చేది. దాన్ని ఆవిడ ఎన్నడూ సరిచెయ్యలేదు.

జిల్లా జట్టు కోసం కాకినాడలో క్యాంపు పెట్టినప్పుడు మా బడి నుంచే ఎక్కువమందిమి వెళ్ళాం. కోచ్‌గా మాత్రం, ఒకప్పుడు పెద్ద మ్యాచులు ఆడిన పేరున్న ఆటగాడిని పిలిచి దండలు వేశారు. మా టీచరు గారికి అప్పగించిన పని మా భోజనాలు చూడటం.

ఆయన మొదటి పూటే నా చెయ్యి మార్చేశాడు. "చెవిని రాసుకుంటూ రావాలి. నేను అలాగే వేసేవాణ్ణి" అన్నాడు. వేశాను. వారం తిరక్కుండా జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. నేను ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం చూసి టీచరు గారు గరిటె అక్కడే పడేసి గ్రౌండులోకి నడిచారు.

"ఏవండీ, ఈ పిల్ల చెయ్యెందుకు మార్చేరండీ?"

"నేను పాతికేళ్ళు ఆడానమ్మా" అన్నాడాయన నవ్వుతూ.

"ఆడేరండీ, కాదన్లేదు. మీ చేత్తో ఆడేరు. ఈ పిల్ల చెయ్యి మీది కాదు కదండీ!"

నిర్వాహకుల్లో ఒకాయన అడ్డొచ్చి, "మీరెళ్ళి వంట సంగతి చూసుకోండమ్మా" అన్నాడు.

"వంటయిపోయిందండీ. నా పిల్లల్ని నేను తీసుకుపోతున్నాను" అని, అందరినీ ఆ మధ్యాహ్నం బస్సే ఎక్కించేశారు.

తర్వాత క్షమాపణ చెప్పమన్నారు. చెప్పలేదు. బడిలో ఆడపిల్లల క్రికెట్ ఆపించేశారు. మేము పరిగెత్తిన పీచు చాపను సభలకొచ్చే పెద్దల కాళ్ళ కింద పరిచారు. నా భుజం మళ్ళీ బాగుపడలేదు. ఆయనకి మాత్రం గొప్ప కోచ్ అని శాలువాలు కప్పుతూనే ఉన్నారు.

మనవాళ్ళు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు మిఠాయి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. సంతోషంతో ఆవిడ కళ్ళు మెరిశాయి. అంతలోనే, "వీళ్ళకి నేర్పినోళ్ళ పేరు ఏ పేపరైనా వేసిందా?" అని విసుక్కున్నారు. "ఇన్నేళ్ళయింది, ఇంకా కోపమేనా టీచరు గారూ?" అని అడిగాను.

"కోపం పోగొట్టుకోకే. అది పోతే వాళ్ళు చేసింది ఒప్పయిపోద్ది" అన్నారు.

సంతాప సభలో చివరగా మాట్లాడినాయన, ఆ గొప్ప ఆటగాడి శిష్యరికంలోనే ఈవిడ నేర్పడం నేర్చుకున్నారని సెలవిచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. "ఆయన దగ్గర ఆవిడేమీ నేర్చుకోలేదండీ. ఆయన నేర్పిన చెయ్యి ఇదిగోండి, చూడండి" అని కుడిచెయ్యి ఎత్తాను. అది సగంలోనే ఆగిపోయింది. ఎవరో మైకు కట్టేశారు. వందన సమర్పణ లేకుండానే సభ ముగిసింది. నాకేమీ విచారం లేదు.

ఆవిడని ఆఖరిసారి చూసింది కొత్తపేట దగ్గర, కాలవ గట్టు మీద ఇద్దరం రిక్షాలో వెళ్తూ. వరి కంకుల మీద వాలిన పిట్టల్ని తోలుతూ చేలో ఒక పిల్ల మట్టిబెడ్డలు విసురుతోంది. "ఆపు నాయనా" అని టీచరు గారు రిక్షా దిగారు. ఆ పిల్ల మమ్మల్ని చూడలేదు. వంగి, బెడ్డ ఏరుకుని, నడుం పక్కనుంచి చెయ్యి తిప్పి విసురుతోంది. బెడ్డ పైకి లేచినప్పుడల్లా, గట్టు మీద నిలబడ్డ ఆవిడ కుడి భుజం కూడా కొంగు కింద కొద్దిగా కదులుతోంది.