గంగారం నుంచి వచ్చిన మెయిళ్లు

కొన్నేళ్లుగా ఒక్క మాట నాలోనే దాచుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. పాప నిద్రపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు మహబూబాబాద్‌లో ఒక నర్సింగ్ శిక్షణ సంస్థలో పనిచేసేదాన్ని. మెయిల్ సర్వర్ నేనే చూసుకునేదాన్ని. దరఖాస్తులు మెయిల్‌లోనే వచ్చేవి, వాటి వెంట బోలెడు చెత్త కూడా. ఒకరోజు ఒకే అడ్రసు నుంచి వరుసగా మెయిళ్లు. అన్నిటికీ ఒకటే సబ్జెక్టు, ప్రతిదానికీ ఒక ఫైలు. వైరస్ అనుకున్నాను. ఆ అడ్రసు నుంచి ఏదొచ్చినా పారేయమని ఫిల్టర్ రాశాను. వేరే ఫోల్డర్‌లో పెట్టమని రాయొచ్చు. ఒక్కటి తెరిచి చూడొచ్చు. చూడలేదు.

సీట్లు నిండాక గంగారం నుంచి ఒకమ్మాయి బస్సెక్కి వచ్చింది.

“అక్కా, నా దరఖాస్తు వచ్చిందా? నెట్ సెంటర్ అన్న నా ముందట్నే పంపిండు. మా దిక్కు అందరియి ఆయన మెయిల్ నుంచే పోతయ్.”

ఆ అన్న మెయిల్ అడ్రసు అడిగాను. చెప్పింది. నేను ఫిల్టర్‌లో రాసిన అడ్రసే అది.

“రాలేదమ్మా. ఆయన పంపలేదేమో.”

“గట్లనా? పంపిన అన్నడు గదక్కా! మోసం చేసిండా? పోయి అడుగుత.”

“అడుగు” అన్నాను.

ఆ సాయంత్రమే ఫిల్టర్ తీసేశాను. ఎవరికీ తెలియలేదు. అప్పుడు నాకు ఐదో నెల. ఉద్యోగం పోతుందని భయం. భయమేనా? మా సార్‌కు చెప్పి ఉంటే, సీట్లు నిండినా, ఏదో ఒక దారి దొరికేదేమో. నా డిగ్రీ దరఖాస్తు కూడా గూడూరులో నెట్ సెంటర్ అన్న తన మెయిల్ నుంచే పంపాడు. మరి ఆ వరుస చూసి నాకు ఎందుకు గుర్తు రాలేదు? నేను చదువుకుని, ఊరు దాటి, కంప్యూటర్ ముందు కూర్చుని, నాలాంటి వాళ్లనే గుర్తుపట్టలేనంత దూరం ఎప్పుడు వచ్చేశాను?

ఆమె పేరు అడగలేదు. అడిగితే మోయాల్సి వస్తుందని. పేరు లేకుండానే మోస్తున్నాను. పాపకు జ్వరమొచ్చి దవాఖానకు పోతే, సూది వేసే ప్రతి అమ్మాయి ముఖంలోకీ చూస్తాను. ఆమె అయి ఉంటే బాగుండునని. ఇప్పటిదాకా కాలేదు.

మాఫీ అడగను. మీరు ఇవ్వగలిగింది కాదది. ఆ రోజు అనాల్సిన మాట మాత్రం ఇక్కడ అంటాను.

నువ్వు పంపినవ్ చెల్లె. ఆ అన్న కూడ పంపిండు. నేనే పారేసిన.