ఎదురొచ్చిన అత్త

నా చిన్నప్పుడు సురంగల్‌లో మా బాపు బంతిపూల మూటలు స్కూటర్‌కు కట్టుకుని చేవెళ్ల మార్కెట్‌కు బయల్దేరుతుంటే, మా మేనత్త సత్తెమ్మ పెరట్లో దాక్కోవాలి... స్కూటర్ చప్పుడు ఊరు దాటేదాకా బయటికి రాకూడదు.

ఎందుకంటే అత్తకు భర్త లేడు. పెళ్లయిన మరుసటి ఏడే పోయాడు, ఆమె పుట్టింటికి వచ్చేసింది. పొరపాటున ఎదురొస్తే బాపు బండికి స్టాండు వేసి, ఇంట్లోకొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాడు.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది దేనికంటే... ఆ పూలు తెంపింది ఎవరు? అత్తే! మంచులో తడుస్తూ, వేళ్లకు పసరు పట్టి నల్లబడేదాకా. ఆమె తెంపిన పూలు పెళ్లి పందిళ్లకు పోవచ్చు, ఆమె మాత్రం పోకూడదు. ఇదెక్కడి న్యాయమండీ?

తోటలో అత్త పక్కన పూలు తెంపే మరియమ్మ ఒక ఆదివారం ప్రార్థనకు రమ్మంది. రేకుల కప్పు, కింద చాపలు... అంతే ఆ మందిరం. అత్త కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. ఆ రోజు మరియమ్మ మనవడిని మొదటిసారి మందిరానికి తెచ్చారు. పాస్టరమ్మ ఆ పసిగుడ్డును తెచ్చి మా అత్త ఒళ్లో పెట్టబోయింది.

"అయ్యో, నేను ముట్టద్దమ్మా... నాకు పెనిమిటి లేడు" అని అత్త చేతులు వెనక్కి లాక్కుంది.

"లేకపోతే ఏమాయె? యేసయ్య నిన్ను ఎన్నడన్న ఎల్లగొట్టిండా? పట్టుకోని ప్రార్థన చెయ్యి అక్కా" అంది పాస్టరమ్మ.

అత్తకు ప్రార్థన ఎలా చేయాలో తెలియదు. బిడ్డను గుండెలకు హత్తుకుని "సల్లగుండు బిడ్డా... సల్లగుండు" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటికొచ్చే దారంతా ఒకటే మాట... "నా మొఖం జూసి ఒక్కలు గూడ ఎనక్కి మర్లలే."

మర్నాడు పొద్దున అత్త పెరట్లోకి పోలేదు. వాకిట్లో నిలబడింది. బాపు అలవాటు ప్రకారం స్టాండు వేసి లోపలికొచ్చాడు.

"ఎన్నిసార్లు కూసుంటవో కూసో అన్నా. నేను దినాం గీ వాకిట్లకెళ్లే పోత. దేవుడు కొత్త బతుకిచ్చిండు నాకు. మూలకు కూసునేతందుకు ఇయ్యలే!"

బాపు నీళ్లు తాగి లేచాడు. ఆమె అక్కడే ఉంది. మళ్లీ కూర్చున్నాడు... ఎండెక్కింది. మూటల్లో పూలు ఉడికి వాడిపోతే అన్నీ పెంటకుప్ప మీద పారబోశాం. చదువుకున్న మనిషి మా బాపు! కొన్నాళ్లు ఇదే తంతు. చివరికి తలదించుకుని ఆమె ముందు నుంచే బండి తోలాడు. ఆ రోజు పూలు మంచి రేటుకే పోయాయి. ఏ అరిష్టమూ జరగలేదు.

ఊళ్లో మాత్రం ఒకటే గోల... "మతంల కలిసింది, ఇజ్జత్ తీసింది" అని. ఆడమనిషిని పెరట్లో దాచినప్పుడు పోని ఇజ్జత్ అప్పుడు పోయిందట! అత్త లెక్కచేయలేదు. తెల్లచీరలు మానేసి రంగు చీర కట్టింది. మరియమ్మతో కలిసి సొంతంగా తోట కౌలుకు పట్టింది. ఆదివారం వచ్చిందంటే అందరికంటే ముందు మందిరంలో చాపలు పరిచేది ఆమే.

ఇప్పుడా తోటలు లేవు... మొయినాబాద్ దాకా ఎటు చూసినా ఫామ్‌హౌస్‌లే. మొన్న కనకమామిడిలో అలాంటి ఒక ఫామ్‌హౌస్‌లోనే మా తమ్ముడి కూతురి పెళ్లి. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా దగ్గరికొచ్చి గుసగుసగా "అక్కా, అత్తను జర ఎనక లైన్ల కూసోబెట్టు. పిల్ల మంటపానికి వచ్చే టైమైంది" అన్నాడు.

అత్తకు వినబడనే వినబడింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా మొదటి వరుసకే నడిచింది.

"మీ బాపును అడుగురా... ఎన్ని మూటల పూలు ఎండవెట్టుకున్నడో!"

ముసలి బాపు తన పక్క కుర్చీ మీద వేసుకున్న శాలువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అత్త ఆ కుర్చీలో కూర్చుంది.

తోటలు పోయాయి, ఆ స్కూటరూ పోయింది... ఈ ఒక్క బుద్ధి మాత్రం ఎందుకు పోదో! మీ ఇంట్లోనూ వెనక వరుసలో కూర్చోబెట్టిన అత్తలు, పిన్నులు ఉంటే వాళ్ల పేర్లు ఇక్కడ రాయండి... కనీసం ఇక్కడైనా ముందు వరుసలో ఉంటారు.