మంచుకొండల చోట మన కొల్లేరు

మా ఏలూరు చర్చి క్యాలెండరు మీద ఏటా ఎక్కడివో మంచుకొండలే ఉంటాయి. ఉక్కపోతలో బతికే మనకి ఆ మంచెందుకని ఈసారి గొడవపెట్టుకున్నాను. "సరేనమ్మా, మన కొల్లేరు ఫోటో మీరే తీసుకురండి. సోమవారం ప్రింటుకెళ్లాలి. కుదరకపోతే మళ్లీ మంచుకొండలే" అన్నారు పాస్టరు గారు. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, నాది షాపులోకెల్లా చవక ఫోను. దాంతో తీస్తే ఫోటోలో మా ఆయన్ని కూడా చొక్కాని బట్టే పోల్చుకోవాలి.

శనివారం పొద్దున్నే ఆరింటికి ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. కొల్లేటి మీదుగా గంటన్నర దారి. అక్కడ ఆటో మాట్లాడుకుని ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లాను. చెట్ల నిండా తెల్లటి గూడబాతులు! ఫోనులో మాత్రం కొమ్మల మీద ఎవరో సున్నం చల్లినట్టుంది. జూమ్ చేస్తే సున్నం ఇంకా అలుక్కుపోయింది. ఏడుపొచ్చింది. దూరానివి కనపడని ఫోనుకి దగ్గరివే చూపిద్దామనుకుని, "చేపలకి వల లాగుతున్న చెరువేదైనా ఉందా అండీ?" అని ఆటో ఆయన్ని అడిగాను.

"కలిదిండి వైపు ఉంటాయండీ. మీ చెప్పులు మాత్రం పాడైపోతాయండీ" అన్నాడు.

పాడయ్యాయి కూడా. తడి వల, చేప పొలుసులు, ఐసు ముక్కలు, పక్కనే కాచుకున్న కొంగ, అన్నిటినీ మూతికి మూరెడు దూరంలోంచి తీశాను. చేపలు ఏరుతున్న ఆవిడ, "ఏవండీ, బురద చేతులండీ, వాటినేం తీస్తారు!" అంటూనే ఓ చేపని పైకెత్తి పట్టుకుంది. అన్నీ చక్కగా వచ్చాయి.

ఆకివీడు మీదుగా భీమవరం, అక్కడ బస్సు మారి మూడింటికి మా క్యాలెండరు వేసే తాడేపల్లిగూడెం ప్రెస్సులో ఉన్నాను. ప్రెస్సాయన చూసి పెదవి విరిచాడు. "బాగున్నాయండీ, కానీ పెద్ద షీటుకి సాగదీస్తే చుక్కలు చుక్కలుగా పగిలిపోతాయండీ. మంచుకొండలే వేసేద్దామా?"

"సాగదీయొద్దండీ. అగ్గిపెట్టెంతవే వేయండి, నెలకొకటి చొప్పున పన్నెండు!"

ఆయన కంప్యూటర్లో పేర్చి చూసుకుని, "నాకూ ఒకటి ఉంచుకుంటానండీ" అన్నాడు. గెలిచాననుకుంటూ ఏలూరు బస్సెక్కాను.

మీరూ చవక ఫోనుతో వెళ్తుంటే చెరువుల దగ్గరికి పొద్దున్నే వెళ్లండి, అడిగి తీయండి, లెన్సుని నూలుగుడ్డతో తుడుస్తూ ఉండండి. మంచి కెమెరా ఉంటే నేను ఒడ్డునే నిలబడి ఒక్క గూడబాతు ఫోటోతో తిరిగొచ్చేసేదాన్ని. క్యాలెండర్లు పంచిన ఆదివారం, ప్రార్థన అయ్యాక ఎవరూ ఇంటికి కదల్లేదు. ఫోటోలు చిన్నవి కదా, ముక్కు ఆనించి మరీ చూస్తున్నారు. మంచుకొండల్ని అంత దగ్గరికెళ్లి చూసినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు.