కాల్దా అంటే

చొప్పదండి దగ్గరి మిషన్ దవాఖానలో కాంపౌండర్ యెషయాకు ఇంగ్లీషు వస్తదని పేరు. తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటడు. మందుసీసా మీది పేరును పెదవులు కదుపుకుంట రెండుసార్లు చదివిగాని చేతికియ్యడు. ఇటలీ నుంచి కొత్తగా వచ్చిన నర్సు సిస్టర్ లూచియా తొందరలో తన భాషలోకి జారిపోతే, అందులో ఇంగ్లీషును పోలిన మాటను పట్టుకొని పని చేసుకపోతడు. అర్థమేందని మాత్రం అడగడు. అడిగితే తన చదువు చిన్నబోతదని భయం.

ఆ చలికాలం పొద్దున సాలెలింటి కోడలు బాలలక్ష్మికి నెలతక్కువ బిడ్డ పుట్టింది. ఒళ్లంతా నీలంగా ఉన్నది. "ఆక్వా కాల్దా!" అని సిస్టర్ అరిచింది. ఆక్వా అంటే నీళ్లని యెషయాకు తెలుసు. కాల్దా అంటే కోల్డే అనుకొని కుండలోని నీళ్లు ముంచుకొని ఉరికొచ్చిండు. బాలలక్ష్మి అత్త శంకరవ్వ చెంబులో వేలు పెట్టి చూసి అడ్డం నిలబడ్డది.

"పసిగుడ్డు సల్లబడుతుంటే సన్నీళ్లేంది, కాంపౌండరూ? ఉడుకునీళ్లు తే!"

"సిస్టరే కోల్డ్ అన్నది, అవ్వా."

సిస్టర్ తల అడ్డంగా ఊపి పొయ్యి దిక్కు చెయ్యి చాపింది. యెషయా చెంబు కింద పెట్టిండు. పొయ్యిమీది నీళ్లు దించి తెచ్చి, సీసాల్లో నింపి, బట్ట చుట్టి బిడ్డకు అటూ ఇటూ పెట్టిండు. చాలాసేపటికి బిడ్డ కేరుమన్నది.

అందరూ నవ్విన్రు, యెషయా నవ్వలే. సిస్టర్ దగ్గరికి పోయి, "కాల్దా అంటే ఏంది, సిస్టర్?" అని అడిగిండు.

ఆమె అతని వేలు పట్టి బిడ్డ అరికాలికి ఆనించింది. వెచ్చగా ఉన్నది.