ఓడెల్ పక్క సీటు

"...అయితే మీ నాన్న మా నాన్న ఒళ్ళో కూర్చున్నాడా ఏంటి? ఒక సీట్లో ఇద్దరెలా పడతారు డ్వైట్?"

"అది నన్ను కాదు, ఆయన్ని అడుగు. ఆ ఆటలో తన పక్కన కూర్చున్నది మా నాన్నేనని ఇప్పుడే, ఇదే కుర్చీలో కూర్చుని చెప్పాడు."

"నాకు చిన్నప్పట్నుంచీ చెప్తున్నాడు, మా నాన్న అని."

"అంటే నీకు అబద్ధం చెప్తున్నాడు."

"నీకే చెప్తున్నాడేమో. నువ్వు కొత్తగా వచ్చావు."

శుక్రవారం సాయంత్రం. మా ఊరి ఆనవాయితీ ప్రకారం ఆట ముందురోజే స్టేడియం పక్క మైదానంలో డేరాలు వేసుకుంటున్నాం. మర్నాడు కాల్డర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి సీజన్లో మొదటి ఆట. మా జట్టు పేరు కొంగలు. ఎవరు పెట్టారో గానీ, చాలా ఏళ్ళు ఆ పేరుకి తగ్గట్టే మైదానంలో నిలబడి ఎటో చూస్తూ ఉండేవాళ్ళు. పోట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకడు ఇన్సూరెన్సు ఆఫీసు డ్వైట్ ప్రూయిట్. రెండోది బడి వంటశాల చూసుకునే కార్లీన్ మాస్. వాళ్ళిద్దరి మధ్యా మడత కుర్చీలో, అలబామా సెప్టెంబరు ఎండలో, పసుపుపచ్చ వానకోటుకి మెడదాకా గుండీలు పెట్టుకుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఏ పాపం ఎరగనట్టు కూర్చున్నవాడు ఓడెల్ స్పైవీ.

ఓడెల్‌కి ఒకటే జబ్బు. మా కౌంటీలో ఎవరు పోయినా సరే, వాళ్ళని తీసుకెళ్ళి బూటు ఆటలో తన పక్క సీట్లో కూర్చోబెడతాడు.

బూటు ఆట అంటే నలభై ఏళ్ళ కిందటి మొదటి ఆట. పెద్ద యూనివర్సిటీ వాళ్ళు మమ్మల్ని చితక్కొట్టడానికి మూడు బస్సుల్లో వచ్చారు. పొద్దుట మొదలైన వాన ఆగలేదు. ఆఖరి నిమిషంలో మేం ఇంకా రెండే పాయింట్లు వెనకబడి ఉన్నాం. అదే మాకు గొప్ప. బంతి తన్నాల్సిన కుర్రాడి బూటు బురదలో కూరుకుపోయింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. వాడు మేజోడు కాలితోనే తన్నాడు. బంతి స్తంభానికి కొట్టుకుని, కాసేపు ఆలోచించి, అవతల పడింది. దానికి మూడు పాయింట్లు, ఒక్క పాయింటుతో గెలిచాం. ఆ రాత్రి ఊళ్ళో పోలీసులు కూడా ఒంటి బూటుతో తిరిగారని చెప్పుకుంటారు. ఆ ఆట గుర్తుగానే ఓడెల్ ప్రతి ఏడూ మొదటి ఆటకి వానకోటు వేసుకొస్తాడు. మళ్ళీ ఒక్క ఏడూ వాన పడలేదు. కోటు మానలేదు.

కథ చెప్పేటప్పుడు అతనికి తడబాటు ఉండదు. కోర్టులో ప్రమాణం చేసినవాళ్ళు కూడా అంత ధీమాగా చెప్పలేరు. పాస్టర్ ఫెయిర్‌క్లాత్ చనిపోయిన ఏడు ఆయన భార్య మిస్ ఐలీన్ మా డేరాల దగ్గరకి వచ్చింది. పెద్దావిడల్ని పెళ్ళయినా మేం మిస్ అనే పిలుస్తాం.

"ఆ రోజు పాస్టర్ గారు నా పక్కనే ఉన్నారు మిస్ ఐలీన్. రిఫరీని ఒక మాట అన్నారు."

"మా ఆయన నోట చెడ్డ మాట ఏనాడూ రాలేదు ఓడెల్."

"ఆ ఒక్కసారే వచ్చిందమ్మా. వెంటనే కళ్ళు మూసుకుని క్షమాపణ కూడా అడిగారు. దేవుణ్ణి. రిఫరీని కాదు."

ఆవిడ అటూ ఇటూ చూసి, "ఏమన్నారు?" అంది. ఓడెల్ వంగి చెవిలో చెప్పాడు. ఆవిడ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది. వెనకనుంచి చూస్తే భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. మరుసటి ఏడు చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి, "ఆ మాట దీనికీ చెప్పు," అంది.

ఒహైయో నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఒకాయన ఉండేవాడు. బూటు ఆట అయిన చాలా ఏళ్ళకి మా ఊరొచ్చాడు. ఆయన పోయాక కొడుకుతో ఓడెల్ అదే కథ మొదలుపెట్టాడు.

"మేం అప్పటికి ఈ రాష్ట్రంలో అడుగే పెట్టలేదండీ," అన్నాడా అబ్బాయి.

"మీరు పెట్టలేదు బాబూ. మీ నాన్న ముందుగా ఒకసారి ఊరు చూసుకుపోదామని వచ్చాడు. అంత వాన చూశాక కూడా ఇక్కడే కాపురం పెట్టాడంటే ఎందుకనుకున్నావు?"

ఇప్పుడా అబ్బాయి ప్రతి ఆటకీ వస్తాడు, మా అందరికంటే గట్టిగా అరుస్తాడు.

పికెన్స్ వాళ్ళ వేటకుక్క చచ్చిపోయిన ఏడు ఆ సీట్లో అది కూడా కూర్చుంది. "దానికి టికెట్టెవరు కొన్నారు?" అని అడిగాను. "ఒళ్ళో పెట్టుకుంటే టికెట్టెందుకు?" అన్నాడు. నా లెక్కలో ఆ సీటు ఈపాటికి స్కూలు బస్సంత పొడుగుండాలి.

నాది పక్క డేరా. ఊళ్ళో హార్డ్‌వేర్ కొట్టు నడుపుతాను. ఓడెల్, నేను బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. ఈ కథ ప్రతి ఏడూ వింటాను, నోరు మెదపను. ఒక్కరోజైనా ఆ సీటు గురించి నేను కాదనలేదు, అవుననలేదు.

ఇన్నాళ్ళూ గొడవ రాకపోవడానికి కారణం ఉంది. ఓడెల్ ఎవరి కథ వాళ్ళకి విడిగా చెప్తాడు, గొంతు తగ్గించి. ఈసారి గాలి అటు తిరిగింది. డ్వైట్ వాళ్ళ నాన్న వెర్నన్ మొన్న చలికాలంలో పోయాడు. కౌంటీలో ఇళ్ళకీ కొట్లకీ పన్ను వేసే అధికారి ఆయన. చావుకి వచ్చినవాళ్ళు కూడా తమ ఇంటి పన్ను గురించే మాట్లాడుకున్నారు. అలాంటి వెర్నన్ ఆ వానలో తన గొడుగు ఎవరో ముసలావిడకి ఇచ్చేశాడని ఓడెల్ చెప్తుంటే, డ్వైట్ నోరు తెరుచుకుని విన్నాడు. అటువైపు మంచుపెట్టె మోసుకొస్తున్న కార్లీన్ కూడా వింది.

"సరే, తేలిపోతుందిగా," అన్నాడు డ్వైట్. అతను పాత విద్యార్థుల సంఘంలో సభ్యుడు. "మొదటి ఆటల జ్ఞాపకాలు పంపమని కాలేజీ వాళ్ళు అందరినీ అడిగారు కదా. ఎవరి అటక మీదో బూటు ఆట ఫొటో దొరికిందట. సరిగ్గా తన్నే క్షణంలో జనం వైపు తీసింది. మీ వరసేనట మిస్టర్ ఓడెల్. నేనింకా చూడలేదు. రేపు విరామంలో పెద్ద తెర మీద వేస్తారు."

"వెయ్యనీ," అంది కార్లీన్. "టోపీ చూసుకో. టోపీ ఉన్నాయన మా నాన్న."

ఓడెల్ ఒలిచిన గింజ నోట్లో వేసుకోబోయి, మళ్ళీ తొక్కలోనే పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక నా డేరాలోకి వచ్చాడు.

"ఏరా ఆల్టన్, ఆ రోజు నువ్వు మొహం అటు తిప్పుకుని ఉన్నావా?"

"నలభై ఏళ్ళయింది. నాకేం గుర్తు?"

"కొంచెం గుర్తు తెచ్చుకో. మొహం కనపడకుండా ఉండే ఉపాయం ఏమైనా ఉందా?"

"ఆ ఫొటోలోనా? ఇప్పుడా?"

ఆ సీట్లో కూర్చున్నది నేను. టికెట్లు రెండూ కొన్నది కూడా నేనే. నలభై ఏళ్ళలో పాస్టర్లు వచ్చారు, పళ్ళ డాక్టర్లు వచ్చారు, కుక్క వచ్చింది, నేను మాత్రం ఒక్కసారి కూడా ఆ కథలోకి రాలేదు. మొదటిసారి ఆ మాట అడిగాను.

"ఒరేయ్, నన్నెందుకు ఎప్పుడూ కూర్చోబెట్టలేదురా?"

ఓడెల్ నా వైపు నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు బతికే ఉన్నావు కదరా. నీకు సీటెందుకు?"

తర్వాత మంచుపెట్టె మీద కూలబడి చెప్పాడు. కార్లీన్ వాళ్ళ నాన్న డీన్ మాస్ దుంగల లారీ తిరగబడి పోయేనాటికి ఆమె నెలల పిల్ల. ఆ పిల్ల తొమ్మిదేళ్ళప్పుడు ఇదే మైదానంలో ఓడెల్ దగ్గరకి వచ్చి నిలబడిందట. మీరు ఇంటింటికీ ఉత్తరాలిచ్చేవారు కదా, మా నాన్న ఎలా ఉండేవాడు అని అడిగిందట.

"ఆయన గురించి నాకు తెలిసింది ఒకటే," అన్నాడు ఓడెల్. "ఆయనకి ఉత్తరాలు రావు. అసలు ఎప్పుడూ ఒక్కటీ రాలేదు. పిల్లకి ఆ మాటెలా చెప్పను? నా దగ్గరున్న మంచి రోజు ఆ ఒక్కటే. అది ఇచ్చేశాను. పళ్ళు కూడా రాని కూతురి కోసం వేరుశనక్కాయలు టోపీలో పోసి తడవకుండా పట్టుకున్నాడని చెప్పాను."

"టోపీలో కాయలు పోసుకున్నది నేను."

"తెలుసురా. నీ దగ్గర అడక్కుండా తీసుకున్నాను. ఆ తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చారు. ఎవర్ని పొమ్మంటాను?" వానకోటు అంచు పట్టుకుని నలుపుతూ అన్నాడు. "రేపు తెర మీద నీ మొహం పడితే, కార్లీన్‌కి వాళ్ళ నాన్న మళ్ళీ పోతాడురా."

శనివారం ఆట బాగా సాగింది. కొంగలు పధ్నాలుగు పాయింట్లు ముందున్నారు. ఓడెల్ ఒక్కసారి కూడా మైదానం వైపు చూడలేదు, వేరుశనగల సంచీ విప్పలేదు. ఉత్త తెరకేసి చూస్తూ వానకోటులో ఉడుకుతున్నాడు. నేను అతని పక్కన. మా ముందు వరసలో కార్లీన్, డ్వైట్, మధ్యలో ఒక సీటు ఖాళీ వదిలి.

విరామంలో బ్యాండు ఆగింది. తెర మీద ఫొటో పడింది.

అందరూ లేచి నిలబడి ఉన్నారు, నోళ్ళు తెరిచి, చేతులు పైకెత్తి, వాన కారుతూ. మధ్యలో వానకోటు ఓడెల్, ఇప్పటికి సగం ఉన్నాడు. అతని పక్కన ఒక మనిషి. మొహం లేదు. నడుం దాకా వంగిపోయి ఉన్నాడు. వీపు, ముందుకి చాచిన చెయ్యి, ఆ చేతిలో వెల్లకిలా టోపీ. టోపీలో వేరుశనక్కాయలు.

కార్లీన్ లేచి నిలబడింది. రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుని, ఫొటో తీసేసి శీతలపానీయం ప్రకటన వేసేదాకా అలాగే నిలబడింది. ఆ తర్వాత కూడా కాసేపు నిలబడింది.

"గొడుగు లేదు," అన్నాడు డ్వైట్, ఎవరితోనూ కాకుండా. ఓడెల్ నోరు తెరిచాడు, మాట రాలేదు. నలభై ఏళ్ళలో అతను అలా ఆగిపోవడం నేను చూడలేదు. డ్వైట్ వెనక్కి తిరిగాడు.

"మిస్టర్ ఆల్టన్, మీరూ ఆ రోజు వచ్చారు కదా. మీరెక్కడ కూర్చున్నారు?"

"వెనక వరసలో," అన్నాను.

"ఆ పక్కన మా నాన్న ఉన్నాడా, లేడా?"

"మొదటి సగం ఉన్నాడు. ముసలావిడకి గొడుగు ఇచ్చేశాక బాగా తడిశాడు. వెనక పైకప్పు ఉందిగా, అక్కడికి వచ్చేశాడు. ఖాళీ అయిన సీట్లో డీన్ మాస్ కూర్చున్నాడు."

"వెనక ఎక్కడ?"

"నా పక్కన."

డ్వైట్ నన్ను పరీక్షగా చూశాడు. ఇన్సూరెన్సు వాళ్ళ చూపు. నేను ఓడెల్‌ని తలుచుకుని రెప్ప వెయ్యలేదు.

"ఏమైనా మాట్లాడాడా?"

"మా కొట్టు పన్ను గురించి మాట్లాడాడు. తగ్గించనన్నాడు."

డ్వైట్ పగలబడి నవ్వాడు. "ఆయనే," అన్నాడు. "అచ్చం ఆయనే." అని ఖాళీ సీట్లోకి జరిగి కార్లీన్ పక్కన కూర్చుని, "మీ నాన్నకి సీటు అప్పగించింది మా నాన్నే, విన్నావా?" అన్నాడు.

"వింటున్నా," అంది కార్లీన్. "సీటు తడిపి ఇచ్చుంటాడు."

ఆట అయ్యాక డేరాల వైపు నడుస్తున్నాం. ఓడెల్ వేరుశనగల సంచీ విప్పాడు. నాలుగు గింజలు తిని, ఉన్నట్టుండి ఆగాడు.

"ఒరేయ్. అది తన్నే క్షణంలో తీసిన ఫొటో కదా."

"అవును."

"నువ్వు కిందికి వంగి ఉన్నావు."

"సంచీ చిరిగింది. కాయలు ఏరుకుంటున్నాను."

"అంటే నువ్వా తన్ను చూడలేదా?"

"లేదు."

"నలభై ఏళ్ళుగా..."

"లేదన్నాను కదరా."

డేరా వచ్చాక అతను వానకోటు విప్పి కుర్చీకి తగిలించి, నా వైపు తిరిగాడు. మొహం చాలా గంభీరంగా పెట్టాడు.

"నువ్వు ముందు పోతే ఏ సీటిమ్మంటావు? నీది నీకు తిరిగిస్తాను, కావాలంటే. ఎవరికీ చెప్పకుండా సర్దుతాను."

నేను ఆలోచించాను.

"వెనక వరసే వెయ్యి," అన్నాను. "తన్ను మాత్రం చూశానని చెప్పు."